ఆఖరి జాడింపు మంచినీళ్ళతో

(కోనసీమలో ఒక ఊరి గ్రంథాలయం ఆవరణలో, వారం వారం చొక్కాల ఉతుకు, ఇస్త్రీ గురించి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు కూడా ముందుకొచ్చి కూర్చోండి. బల్ల మీద కొన్ని సీసాలు, ఒక చొక్కా, ఒక ఇస్త్రీ పెట్టె ఉన్నాయి, అవి దగ్గరగా చూస్తేనే ఉపయోగం.

ముందు లెక్క చూద్దాం. ఉద్యోగానికి వెళ్ళే ఒక మనిషి, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు, ఇంట్లో ఒక పెద్దాయన ఉన్న ఇల్లు అనుకుందాం. ఉద్యోగానికి ఆరు చొక్కాలు, పిల్లలకి చెరి ఆరు, పెద్దాయనకి తెల్ల చొక్కాలు మూడు. ఉన్న చొక్కాలు తక్కువైనా, వారానికి ఉతికేవి మొత్తం 21. పెద్దవాళ్ళ నూలు చొక్కా ఒక్కొక్కటి 200 నుంచి 250 గ్రాములు, పిల్లలది అందులో సగం. అంటే వారానికి మూడున్నర కిలోల పొడి బట్ట. ఇస్త్రీకి పెద్ద చొక్కా అయిదు నిమిషాలు, పిల్లల చొక్కా మూడు నిమిషాలు వేసుకున్నా గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఏడాది పొడుగునా, ప్రతి వారం. ఇంత పని ఒక పద్ధతి లేకుండా నడిస్తే ఆదివారం మొత్తం దానికే పోతుంది. ఆ ఆదివారం పోయేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ళదే కాబట్టి ఈ విషయం ఇంత వివరంగా చెప్పుకోవాలి.

పిల్లల యూనిఫాం చొక్కాలు మూడే ఉంటే వారం మధ్యలో రెండుసార్లు ఉతకాల్సి వస్తుంది. వానాకాలంలో సాయంత్రం ఉతికిన చొక్కా తెల్లారేసరికి ఆరదు, తడి కాలరుతోనే పిల్లాడు బడికి వెళ్తాడు. నాలుగో చొక్కా కుట్టించండి. సోమ, మంగళవారాల్లో విడిచినవి మంగళవారం సాయంత్రం ఉతికేస్తే శుక్ర, శనివారాలకి అందుతాయి. ఆరడానికి రెండు రోజుల పైనే దొరుకుతుంది. బుధ, గురువారాలకి మిగతా రెండూ ఉన్నాయి. ఇద్దరు పిల్లలకీ కలిపి వారం మధ్యలో నాలుగే చొక్కాలు తడుస్తాయి, మిగిలిన 17 ఆదివారానికి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, నీళ్ళ దగ్గరికి. మన డెల్టాలో చొక్కా తెల్లగా ఉండడం, మెత్తగా ఉండడం, ఇస్త్రీ నిలవడం, ఈ మూడూ సబ్బు కంటే ముందు నీళ్ళ మీద ఆధారపడతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్ళు డెల్టా అంతటా పారాయి, చాకిరేవులు ఆ నీళ్ళ మీదే నడిచాయి. ఇప్పుడు ఉతుకు ఇళ్ళల్లోకి వచ్చింది, ఇళ్ళల్లో బోరు నీళ్ళు వచ్చాయి. అంతర్వేది, నరసాపురం, మొగల్తూరు వైపు, సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. ఎండాకాలంలో కాలవలు కట్టేశాక ఆ నీళ్ళ మీదే బతకాలి.

ఈ రెండు సీసాలు చూడండి. ఒక దాంట్లో కాలవ నీళ్ళు తేర్చినవి, రెండో దాంట్లో బోరు నీళ్ళు. రెండూ సగం సీసాకే పోశాం. రెంట్లోనూ ఒంటి సబ్బు గోకి చిటికెడు వేశాం. సర్ఫు వేస్తే ఈ తేడా కనిపించదు, మామూలు సబ్బే వేయాలి. ఇరవైసార్లు ఊపుదాం. (ఊపి చూపించారు.) మొదటి సీసాలో నురగ మూత దాకా నిలబడింది, కింద నీళ్ళు కాస్త తెల్లగా ఉన్నా ముక్కలు లేవు. రెండో దాంట్లో నురగ లేదు, పాలు విరిగినట్టు తెల్లటి తరకలు తేలుతున్నాయి. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టుకుని ఆ తరకలు చేశాయి. అవి నీళ్ళలో కరగవు, బట్టకి అంటుకుంటాయి. తెల్ల చొక్కా మూడు నెలలకి బూడిద రంగు తిరగడం, తువ్వాలు అట్టలా తయారవడం ఈ తరకల వల్లే. సర్ఫులో ఈ తరకలు తక్కువ వస్తాయి గానీ, దాని బలం కొంత ఆ నీళ్ళతో కొట్లాడడానికే సరిపోతుంది.

మీ ఇంటి నీళ్ళకి ఈ పరీక్ష ఈ రాత్రే చేసుకోండి. తరకలు వస్తే మందు బట్టల సోడా, అంటే వాషింగ్ సోడా. వంట సోడా కాదు. పది లీటర్ల బకెట్‌కి పొడి సోడా ఒక చిన్న చెంచా, అంటే ఐదు గ్రాములు, నీళ్ళు మరీ గట్టివైతే, అంటే తరకలు ఎక్కువగా వస్తే, రెండు చెంచాలు. సోడా ముందు కలిపి, ఐదు నిమిషాలు ఆగి, ఆ తరవాత సర్ఫు వేయాలి. రెండూ ఒకేసారి గుమ్మరిస్తే సోడా తన పని మొదలుపెట్టేలోపే సర్ఫు ఖర్చయిపోతుంది. పాతకాలం రేవుల్లో చౌడు మట్టి పెట్టి ఉబ్బ వేసేవారు, అంటే బట్టలకి ఆవిరి పట్టించేవారు కదండీ, ఆ చౌడులో ఉన్నదీ ప్రధానంగా ఈ సోడాయే. ఆవిరి వేడి, చౌడు సోడా, రెండూ కలిసి నూలులోంచి జిడ్డు లాగేవి. రసాయన శాస్త్రం పుస్తకం తెరవకుండానే రజక వృత్తివాళ్ళు తరతరాలుగా పట్టుకున్న పరిజ్ఞానం అది.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. సోడా గట్టిదనాన్ని తీస్తుంది, ఉప్పుని తీయలేదు. ఉప్పు కరిగిన నీళ్ళలో ఆఖరిసారి జాడించి ఆరేస్తే నీరు ఎగిరిపోతుంది, ఉప్పు నూలులో ఉండిపోతుంది. ఉప్పు చెమ్మని లాగుతుంది, అందుకే ఆ చొక్కా మధ్యాహ్నం గలగలలాడి రాత్రికి మళ్ళీ తడితడిగా తగులుతుంది. ఇస్త్రీ చేసిన మడత గంటలో జారిపోతుంది. ఇస్త్రీ పెట్టె అడుగు గరుకెక్కుతుంది. మీ నీళ్ళలో ఎంత ఉప్పుందో తెలుసుకోవడానికి స్టీలు పళ్ళెంలో రెండు చెంచాల నీళ్ళు పోసి ఎండలో పెట్టండి. ఎండాక తెల్లటి పొర మిగిలితే అదే మీ చొక్కాలో మిగులుతోంది.

అందుకని ఉతుకు మొత్తం బోరు నీళ్ళతో చేసినా ఫరవాలేదు, ఆఖరి జాడింపు మాత్రం మంచినీళ్ళతో. పది చొక్కాలకి 15 లీటర్ల బకెట్ ఒకటి చాలు. కుళాయి నీళ్ళు వచ్చే వేళ పట్టి పెట్టుకోవచ్చు, వాన నీళ్ళు అయితే మరీ మంచిది. ఆ బకెట్ నీళ్ళు పారబోయకుండా తరవాతి విడతకి మొదటి జాడింపుగా వాడుకోండి. మిషనులో వేసేవాళ్ళు ఆఖరి జాడింపుకి ముందు మిషను ఆపి, చొక్కాలు బకెట్లో మంచినీళ్ళలో రెండు మూడుసార్లు ముంచి తీసి, ఒట్టి స్పిన్ పెట్టుకోవాలి. ఇంత చాకిరీ ఎందుకంటారేమో. ఇది పది నిమిషాల పని, ఇస్త్రీలో అంతకంటే ఎక్కువ సమయం మిగులుతుంది.

వరదల కాలంలో, జులై నుంచి సెప్టెంబరు దాకా, కాలవ నీళ్ళు ఎర్రగా వస్తాయి. తెల్ల చొక్కాలు ఆ నీళ్ళలో ముంచకూడదు. పటిక వేసి తేర్చాలి. 20 లీటర్లకి ఒకటి రెండు గ్రాములు, అంటే అర చెంచాలోపే. నిమిషం పాటు జోరుగా తిప్పి, తరవాత నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంట కదల్చకుండా వదిలేసి, పైనీళ్ళు వంచుకోవాలి. పెద్దవాళ్ళు ఇండుపు గింజ అరగదీసి ఇదే పని చేసేవారు.

కొన్ని బోర్లలో ఇనుము ఉంటుంది. పట్టినప్పుడు నీళ్ళు తేటగా ఉంటాయి, కాసేపటికి ఎర్రబారి పైన నూనెలాంటి పొర కడుతుంది. ఆ నీళ్ళు రాత్రి పెద్ద తొట్టిలో పట్టి ఉంచి, పొద్దున్న పైనుంచి తీసుకోవాలి, అడుగున నాలుగు వేళ్ళెత్తు వదిలేయాలి. అలాంటి నీళ్ళలో బ్లీచింగ్ మాత్రం వేయకండి. తెల్లగా అవుతుందని వేస్తారు, బ్లీచింగ్ ఆ ఇనుముని అక్కడికక్కడే తుప్పు చేసి బట్టలోకి దించుతుంది. ఉతికేకొద్దీ పసుపెక్కుతోందని మళ్ళీ బ్లీచింగ్ వేస్తే ఇంకా పసుపెక్కుతుంది. ఇలా పాడైన నూలు చొక్కాని నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) రెండు చెంచాలు కలిపిన ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. ఈ పని చేసే రోజు బ్లీచింగ్ సీసా దగ్గర పెట్టుకోవద్దు. నిమ్మ ఉప్పు, నిమ్మరసం, వెనిగర్, బాత్రూము కడిగే యాసిడ్, వీటిలో ఏదైనా బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

సరే, ఉతుకు. చొక్కాని పాడుచేసేది కాలరు, కఫ్‌లు, చంకలు. మిగతా బట్ట ఒక్క నానుడుకే శుభ్రపడుతుంది. కాలరు మీద పేరుకునేది ఒంటి జిడ్డు, తలకి రాసిన కొబ్బరినూనె, దాని మీద దుమ్ము. జిడ్డు కాబట్టి పొడిగా ఉన్నప్పుడే పట్టించాలి. చొక్కా తడపకుండా కాలరు మడత విప్పి, మురికి గీత మీద గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి వేలితో రుద్ది పదిహేను నిమిషాలు ఉంచండి. తరవాత మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మడత పొడుగునా ఒకే వైపుకి గీయాలి. అడ్డంగా గట్టి బ్రష్ పెట్టి తోమితే నాలుగు నెలలకే కాలరు అంచు పోగులు లేస్తుంది. బండకేసి బాదడం గురించి వేరే చెప్పాలా? బొత్తాలు పగులుతాయి, కాలరు నిలబడడానికి లోపల పెట్టే గట్టి గుడ్డ, అదే బక్రం, విరుగుతుంది.

చంకల్లో పసుపు మరక వేరు రకం. చెమట, రాసుకునే డియోడరెంట్లలో ఉండే అల్యూమినియం ఉప్పులు కలిసి గట్టిపడతాయి. దానికి బ్లీచింగ్ పనిచేయదు, ఇంకా పచ్చబడుతుంది. నిమ్మ ఉప్పు నీళ్ళలో అరగంట నానబెట్టి, బాగా జాడించి, తరవాత సోడా కలిపిన సర్ఫు నీళ్ళలో వేయాలి.

తెల్లవి ఒక విడత, రంగువి ఇంకో విడత. జేబులు చూసి, బొత్తాలన్నీ విప్పి, రంగు చొక్కాలు తిరగేసి వేయండి. బొత్తాలు పెట్టి ఉంచితే మిషను తిరిగేటప్పుడు కాజాలు చిరుగుతాయి. నానబెట్టడం అరగంట చాలు. రాత్రంతా నానబెడితే వదిలిన మురికే మళ్ళీ బట్టలోకి ఎక్కుతుంది. మిషను ఆరున్నర కిలోలది అయినా చొక్కాలు మూడు కిలోలు దాటనీయకండి, కుక్కితే ముడతలు పడి, ఇస్త్రీలో ఎంత రుద్దినా వదలవు. సెమీ ఆటోమేటిక్ వాళ్ళు డ్రయ్యర్ ఐదు నిమిషాలు తిప్పేస్తారు. చొక్కాలకి నిమిషం, నిమిషంన్నర చాలు. ఆగిన వెంటనే తీయాలి. అరగంట అందులోనే ఉంటే ఆ ముడతలు అచ్చు దిగిపోతాయి.

దండెం మీద వేసేముందు ఒక్కొక్క చొక్కా భుజాలు పట్టుకుని రెండుసార్లు గట్టిగా దులపండి. కాలరు లాగి సరిచేయండి, బొత్తాల పట్టీ నిలువుగా లాగండి, జేబు అరచేత్తో సాపు చేయండి. చొక్కాకి పది సెకన్లు. ఇస్త్రీలో సగం పని ఇక్కడే అయిపోతుంది. హ్యాంగరుకి వేస్తే పై బొత్తం ఒకటి పెట్టండి. దండేనికి వేస్తే తలకిందులుగా, కింది అంచు దగ్గర క్లిప్పులు పెట్టండి, క్లిప్పు గుర్తు ప్యాంటులోకి పోతుంది. జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) దండెం అయితే తుప్పు ఉందేమో వేలితో తుడిచి చూసుకోండి. తెల్లవి ఎండలో, రంగువి నీడలో గాలికి. రెండు చొక్కాల మధ్య జానెడు ఎడం ఉండాలి.

వానాకాలం ముక్క వాసన మాటేమిటంటే, అది తడి ఎక్కువసేపు నిలవడం వల్ల పెరిగే సూక్ష్మజీవుల పని. సెంటు కలిపిన లిక్విడ్లు పోస్తే రెండు వాసనలూ కలిసి వస్తాయి, అంతే. ఫ్యాను కింద ఎడంగా వేసి ఆరేడు గంటల్లో ఆరేటట్టు చూసుకోవాలి. ఇప్పటికే వాసన పట్టిన నూలు చొక్కాలని చేయి పెట్టలేనంత వేడి నీళ్ళలో సోడా వేసి అరగంట ఉంచాలి. ఆ వేడి కాలర్లకి మంచిది కాదు, బక్రం అంటించిన జిగురు ఊడి కాలరు మీద బుడగలు లేస్తాయి. అందుకే ఇది ఎప్పుడో ఒకసారి చేసే పని.

గంజి గురించి ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే మన జిల్లాల్లో తెల్ల చొక్కా, తెల్ల పంచె అంటే నిలబడాలి. కుక్కర్లు వచ్చాక అన్నం వార్చడం పోయింది, గంజీ పోయింది. సగ్గుబియ్యం వాడండి. సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం నుంచి తీసే సరుకే, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. రెండు పెద్ద చెంచాలు, దాదాపు 30 గ్రాములు, గ్లాసుడు నీళ్ళలో గంట నానబెట్టండి. లీటరు నీళ్ళలో పోసి సన్నటి సెగ మీద కలుపుతూ గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించండి. పల్చటి నూలు గుడ్డలో వడకట్టి, గుడ్డ పిండకుండా కారనివ్వండి. పిండితే ఉండలు దిగుతాయి, ఉండ పడ్డచోట తెల్ల మచ్చ, ఇస్త్రీ తగిలాక గోధుమ మచ్చ. ఈ గంజికి మూడు లీటర్ల నీళ్ళు కలిపితే ఆఫీసు చొక్కాలు నాలుగైదింటికి సరిపడే పలచటి గంజి. పెద్దాయన చొక్కా గట్టిగా నిలబడాలంటే ఒక్క లీటరే కలపండి.

నీలిమందు వేసేవాళ్ళు గంజికి ముందు జాడింపులో వేయాలి. పది లీటర్లకి నాలుగైదు చుక్కలు, ముందు కప్పు నీళ్ళలో కలిపి తరవాత బకెట్లో. సబ్బు పూర్తిగా పోకుండా వేస్తే చారలు పడతాయి. నీలం మురికిని తీయదు, పసుపుదనాన్ని కంటికి తెలియనీయదు, అంతవరకే.

గంజి చొక్కాని పూర్తిగా ఆరనివ్వాలి. తడి గంజి మీద పెట్టె పెడితే అడుక్కి అంటుకుని మాడుతుంది. పాలిస్టర్ ఎక్కువున్న చొక్కాలకి గంజి పట్టదు, తెల్లటి పొట్టులా రాలుతుంది. వానాకాలంలో గంజి పెట్టిన బట్టలు బీరువాలో నిలవ పెట్టొద్దు, బూజు, బొద్దింకలు రెండూ వస్తాయి.

ఇప్పుడు ఈ చొక్కా చూపిస్తాను. నూలు చొక్కా, గంజి లేనిది. దండెం మీదనుంచి ఎప్పుడు తీశామంటే, ఒళ్ళంతా ఆరి కాలరు, కఫ్‌లు, బొత్తాల పట్టీ ఇంకా చల్లగా తగులుతున్నప్పుడు. ఇస్త్రీకి అదే సరైన సమయం. బాగా ఎండిపోయినవాటి మీద నీళ్ళు చిలకరించి, చుట్ట చుట్టి, సంచిలో అరగంట ఉంచాలి. చిలకరించిన వెంటనే రుద్దితే చుక్కలున్నచోట తడి, మిగతాచోట పొడి, ముడత సగమే పోతుంది.

పెట్టె మీద చుక్కలు చూడండి. ఒక చుక్క 110 డిగ్రీలు, నైలాన్‌కి. రెండు చుక్కలు 150, పాలిస్టర్ కలిసినవాటికి, పిల్లల యూనిఫాంలు చాలావరకు ఇవే. మూడు చుక్కలు 200, నూలుకి, లినెన్‌కి. పని ఎప్పుడూ తక్కువ వేడి నుంచి ఎక్కువకి జరగాలి. ముందు యూనిఫాంలు, తరవాత నూలు చొక్కాలు, ఆఖరున గంజివి. పెట్టె వేడెక్కడం త్వరగా జరుగుతుంది, చల్లారడం ఆలస్యం. నూలుతో మొదలుపెట్టి యూనిఫాంకి దిగితే పాలిస్టర్ కరిగి మెరుపు మచ్చ పడుతుంది, అది ఇక పోదు. యూనిఫాం రంగు ముదురుదైతే తిరగేసి చేయండి.

మొదట కాలరు. అడుగువైపు ముందు, పైవైపు తరవాత. మొన నుంచి మధ్యకి రావాలి. చూడండి, ఇటు మొన నుంచి మధ్య దాకా, ఆగాను. మళ్ళీ అటు మొన నుంచి మధ్యకి. మధ్య నుంచి మొనకి తోస్తే బట్టంతా మొన దగ్గర పోగై మడత నలుగుతుంది, అది అందరికీ కనిపించే చోటు. తరవాత భుజం పట్టీ. బల్ల అంచుకి ఒక భుజం తొడిగినట్టు వేసి రుద్ది, రెండోది. తరవాత కఫ్‌లు, బొత్తాలు విప్పి, లోపలివైపు ముందు. తరవాత చేతులు. కుట్టు గీత మీద సరిగ్గా మడత పడేట్టు పరిచి, అరచేత్తో ఒకసారి సాపు చేసి, అప్పుడు పెట్టె. చొక్కా చేతుల దగ్గర తొందరపడితే కింద ఇంకో ముడత అచ్చవుతుంది, పైన సాపుగా ఉంటుంది కాబట్టి తెలియదు.

బొత్తాల పట్టీ తిరగేసి దుప్పటి మీద బొత్తాలు కిందికి ఉండేట్టు పెట్టి, వెనకనుంచి రుద్దండి. బొత్తాలు దుప్పటిలోకి దిగుతాయి, పట్టీ సాపవుతుంది. పైనుంచి బొత్తాల మధ్య పెట్టె మొన తిప్పుతూ కూర్చుంటే సమయం పోతుంది, బొత్తం కరుగుతుంది. తరవాత ముందు భాగం, వెనక, రెండో ముందు భాగం. వీటిని ఆఖరికి ఎందుకు ఉంచామంటే, పెద్ద భాగాలు ముందే చేసేస్తే చేతులు చేసేటప్పుడు అవి నలుగుతాయి.

అయిపోయిన చొక్కా వెంటనే మడవకండి. లోపల ఇంకా ఆవిరి ఉంది. హ్యాంగరుకి పది నిమిషాలు వేసి, చల్లారాక మడవండి. వేడి మీద మడిచి దొంతర పెడితే వానాకాలంలో మూడు రోజులకే ముక్క వాసన.

వెయ్యి వాట్ల పెట్టెతో 21 చొక్కాలకి అయ్యే కరెంటు ఒక యూనిట్ అటూఇటూ. ఆఖరి చొక్కా ముగుస్తుండగా స్విచ్ ఆపేయండి, ఉన్న వేడి సరిపోతుంది. తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి ఇస్త్రీ చేయొద్దు, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగు ఉన్న సాకెట్టే వాడండి. వైరు పెట్టెలోకి వెళ్ళేచోట నెలకొకసారి చూడండి, అక్కడే మొదట చితుకుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: స్టీము పెట్టెలో మా బోరు నీళ్ళు పోస్తున్నాం. గోధుమ రంగు నీళ్ళు కక్కుతోంది.)

లోపల సున్నంలాంటి పొర కట్టింది తల్లీ, ఇనుము కూడా ఉండొచ్చు. ఇంటికి తెచ్చుకునే 20 లీటర్ల ఆర్వో టిన్ను నీళ్ళు పోయండి. పని అయ్యాక మిగిలినవి పారబోసేయాలి. పొర తీయడానికి ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి చెబుతుంది, పెట్టెతో వచ్చిన కాగితం చూసి చేయండి. గంజి మాడి అడుగు నల్లబడితే వేరు. పెట్టె బాగా చల్లారాక, ప్లగ్గు తీసి, వంట సోడా తడిపి ముద్దగా రాసి గుడ్డతో తుడవండి. పీచు పెట్టి గీకకండి, నాన్‌స్టిక్ పూత పోతుంది.

(ప్రశ్న: రొయ్యల చెరువు మీద పనిచేసేవాళ్ళ చొక్కాలు. ఎంత ఉతికినా వాసన.)

విడిగా ఉంచండి. మొదటి ముంపు చన్నీళ్ళలోనే, వేడి నీళ్ళు తగిలితే చేపరక్తం, మేత జిగట బట్టలోనే గడ్డకడతాయి. చన్నీళ్ళలో జాడించాక పది లీటర్లకి అర కప్పు వెనిగరో, రెండు చెంచాల నిమ్మ ఉప్పో వేసి ఇరవై నిమిషాలు. ఆ వాసన ఇచ్చే పదార్థం పులుపు తగిలితే గాల్లోకి లేవకుండా నీళ్ళలో కరిగిపోతుంది. తరవాత జాడించి మామూలు ఉతుకు.

(ప్రశ్న: పెళ్ళిలో పడ్డ పసుపు. సబ్బు రాయగానే ఎర్రబడింది. ఇదిగో చొక్కా. ఈ కింద అరటి మరక కూడా ఉంది.)

ఇటివ్వండి. పసుపు భయపడక్కర్లేదు. సబ్బులో క్షారం ఉంటుంది, పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. జాడిస్తే మళ్ళీ పచ్చబడుతుంది, అంతేగానీ కొత్త మరక కాదు. సబ్బు పెట్టి జిడ్డు తీసి, జాడించి, మరక ఉన్న వైపు తడిగానే ఎండకి వేయండి. పసుపు రంగు ఎండకి నిలవదు. ఒక రోజుకి సగం పోతుంది, రెండో రోజు మళ్ళీ తడిపి వేయండి.

అరటి మరక ఎప్పటిదండీ? మూడు నెలలా. అరటి సొన గాలి తగిలి నల్లబడుతుంది, నల్లబడ్డాక నూలుని పట్టేసుకుంటుంది. మామిడి సొన కూడా అంతే. రేవుల్లో బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి, మామిడి ఒకే కుటుంబం చెట్లు, ఆ గుర్తు ఉబ్బకి కూడా పోదు చూడండి. సొన పడ్డ వెంటనే, ఆరకముందే, చన్నీళ్ళు, సబ్బు, నిమ్మరసం పెట్టి ఉంటే పోయేది. ఇప్పుడు ఆక్సిజన్ రకం బ్లీచ్, రంగు బట్టలకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నది, గోరువెచ్చని నీళ్ళలో కలిపి నాలుగు గంటలు ఉంచి చూడండి. నలుపు గోధుమ రంగులోకి దిగితే ఇంకోసారి చేయండి. దిగకపోతే మరి ఇది రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు మోసే రోజు వేసుకునే చొక్కా. ముందు పసుపు సంగతి చూడండి, రేపు ఎండ బాగానే ఉండేలా ఉంది.